పదో గడి దాకా

పసిఫిక్ సముద్రంలోని ఆ చిన్న దీవిలో తెల్లారితే గానీ అక్కడి ఆఫీసు తెరవరు. అప్పటికి మా వాషింగ్టన్‌లో రాత్రవుతుంది. అందుకే ఆ రోజు మా ఆఫీసు అంతస్తులో నేనొక్కదాన్నే మిగిలాను. దీవి జనానికి ఉచిత వైద్యం ఇచ్చేందుకు చట్టసభ ముందున్న బిల్లుకి పదేళ్ళలో ఎంత ఖర్చవుతుందో పొద్దున్నకల్లా తేల్చాలి.

"ఏడాదికొకటి చొప్పున పది గడుల్లో ఒక్కటీ ఖాళీగా ఉండకూడదు, లీనా," అని వెళ్తూ వెళ్తూ మా పెద్దాయన ఫ్రాంక్లిన్ హెచ్చరించాడు.

ఫోన్ చేస్తే దీవి గుమాస్తా బిబియానా ఎత్తింది. ఆమె వెనక కోళ్ళు కూస్తున్నాయి, పిల్లలు అరుస్తున్నారు.

"హఫా అదై!" అని దీవి భాషలో పలకరించింది. "ఈసారైనా బిల్లు గట్టెక్కిస్తారా, మళ్ళీ లెక్కలడిగి ఊరుకుంటారా?" అని నవ్వింది.

"ముందు రాబోయే పదేళ్ళ జనాభా చెప్పండి. మొదటి ఏడాది?"

"నాలుగు వందల పన్నెండు."

"రెండో ఏడాది?"

"అరవై."

పిల్లల అరుపులు ఆగిపోయాయి.

"అరవయ్యా? మిగతావాళ్ళేరి?"

"మూడో ఏడాది తొమ్మిది."

ఇప్పుడు కోళ్ళూ లేవు. అలల చప్పుడొక్కటే వినిపిస్తోంది, అదీ ఫోన్‌కి మరీ దగ్గరగా. నాకేమీ బోధపడలేదు.

"ఇవి అంచనాలేనా, బిబియానా గారూ?"

"లెక్కపెట్టే చెబుతున్నానమ్మా. రాసుకో."

ఎందుకో రాసుకుంటూనే పోయాను. నాలుగో గడి నుంచి పదో గడి దాకా ఆమె ఒకే అంకె చెప్పింది. ఒకటి.

"ఎవరా ఒక్కరు?"

ఆమె చుట్టూ నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చింది.

"మీవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తడానికి ఎవరో ఒకరుండాలి కదమ్మా."