పాటకు అడ్డొచ్చిన మనిషి

"ఆ ముసలాయన్ని కాస్త వెనక్కి జరగమనండి బాబూ. మా పిల్ల గొంతు వినపడనివ్వడం లేదు."

పొద్దుట్నుంచీ వెల్మాది ఇదే మాట.

అద్దానికి అవతలి గదిలో ఆమె కూతురు ఎర్నెస్టీన్ మైకు ముందు నిలబడి పాడుతోంది. ఇవతల రికార్డుల కంపెనీ యజమాని హాల్‌స్టెడ్ పక్కన, కుర్చీ అంచున కూర్చుంది వెల్మా. ఒళ్లో వేయించిన కోడిముక్కలు, మొక్కజొన్న రొట్టె ఉన్న సంచి. పిల్లకి మధ్యలో కళ్లు తిరుగుతాయేమోనని తెచ్చింది.

నిద్ర లేచిన దగ్గర్నుంచీ ఆమెకు భయాలే. దారిలో బస్సు ఆగిపోతుందేమో. పిల్ల గొంతు పట్టేస్తుందేమో. హాల్‌స్టెడ్ మనసు మార్చుకుంటాడేమో.

ఈ రికార్డు బయటికి రాకపోతే ఎర్నెస్టీన్ సోమవారం మళ్లీ లాండ్రీ ఆవిరిలోకి పోవాలి. ఆ ఆవిరిలోనే వెల్మా చెల్లెలు దగ్గి దగ్గి పోయింది. అప్పట్నుంచీ వెల్మా నిద్రలో కూడా కూతురి వైపే చెవి ఒగ్గి ఉంటుంది. ఎర్నెస్టీన్ ఇంతవరకూ దగ్గలేదు. అదొక్కటే ఆమెకు ధైర్యం.

షికాగో దక్షిణ పేటల్లోని క్లబ్బుల్లో ఈ వేసవిలోనే పిల్ల పేరు వినపడసాగింది. గొంతు ఎక్కడ ఆగుతుందో తెలియదు, అంతసేపు నిలుపుతుంది అని చెప్పుకుంటున్నారట. వెల్మా చర్చి మనిషి. క్లబ్బు గుమ్మం తొక్కలేదు. కూతురి పక్కన సాక్సోఫోన్ వాయించే ఈ ముసలాయన్ని ఇవాళే చూడటం.

చూడగానే ఆమెకు నచ్చలేదు. మాసిన కోటు, విస్కీ వాసన. పిల్ల మోచేతికి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. పిల్ల ఒక చరణం ముగించేలోగా సాక్సోఫోన్ వచ్చి పాట మీద పడుతోంది. ప్రతి చరణానికీ అదే వరస.

పైగా అందరూ ఆయన్ని 'డీకన్' అంటున్నారు. చర్చి పెద్దని పిలిచినట్టు. ఈయనది ఏ చర్చి అని డ్రమ్ములు వాయించే అతన్ని అడిగింది.

"ఆయన మోకాళ్ల మీద ఉండగా నేను చూసింది బారు మెట్ల దగ్గరే, సిస్టర్," అన్నాడతను.

విరామంలో హాల్‌స్టెడ్‌ని మళ్లీ పట్టుకుంది. ఆయన్ని వెంట తెచ్చుకున్నది మీ అమ్మాయే, ఆయన లేందే పాడనంది అని చెప్పాడతను.

"అదే బాబూ నా భయం," అంది వెల్మా.

హాల్‌స్టెడ్ కాసేపు ఆలోచించాడు. రికార్డు కొనేవాళ్లు పిల్ల గొంతు కోసమే కొంటారన్నాడు. తన దగ్గర కుర్రవాడైన సాక్సోఫోన్ కళాకారుడు ఒకడున్నాడన్నాడు. కానీ ముసలాయనతో తను చెప్పలేనన్నాడు.

వెల్మాయే చెప్పింది. వసారాలో ఎదురుపడి నిలబడింది. హాల్‌స్టెడ్ తలుపు దగ్గర ఆగాడు. ఎర్నెస్టీన్ ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. లోపల కుళాయి చాలాసేపటిగా పారుతోంది.

"అయ్యా, మీకు పిల్లలున్నారా?"

"లేరమ్మా."

"అందుకే తెలియడం లేదు. దాని బతుకంతా ఈ రికార్డు మీద ఉంది. పాట పూర్తి చేయనివ్వకుండా మీరు అడ్డొస్తున్నారు."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆమె భుజం మీదుగా హాల్‌స్టెడ్‌ని చూశాడు. ఆగిపోయాడు.

"నిజమేనమ్మా. పెద్దవాణ్ణయిపోయాను. ఎక్కడ ఆగాలో తెలియడం లేదు," అన్నాడు.

సాక్సోఫోన్ తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, మిగిలిన పాటలు అమ్మాయిని కూర్చుని పాడమనండి అని మాత్రం అన్నాడు. నా పిల్ల సంగతి నాకే చెబుతున్నాడు అనుకుంది వెల్మా.

ఎర్నెస్టీన్ తిరిగి వచ్చింది. డీకన్ చోట ఎవరో కుర్రవాణ్ణి చూసి ఆగింది. డీకన్ ఏడని అడిగింది.  వెల్మా అద్దం వెనక నుంచి నవ్వుతూ చెయ్యి ఊపింది.

పాట మొదలైంది. కుర్రవాడు తనకు చెప్పినట్టే దూరంగా, మర్యాదగా నిలబడ్డాడు.

మొదటి చరణం సగంలో తెగిపోయింది.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే తెగింది. స్టూలు వేసి కూర్చోబెట్టారు. నీళ్లు తాగించారు. పాట వేగం పెంచి చూశారు. ఎర్నెస్టీన్ పెదాలు కదులుతున్నాయి గానీ మాట చివర గొంతు లేదు. డ్రమ్ములతను కర్రలు ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. తర్వాత లేచి, డీకన్ కోసం బస్టాపు దాకా పరుగెత్తాడు. ఒక్కడే తిరిగొచ్చాడు.

హాల్‌స్టెడ్ మర్యాదస్తుడు. ఇంకో రోజు చూద్దాం అన్నాడు. ఏ రోజో చెప్పలేదు. పొద్దున రికార్డు చేసిన పాటలు అడిగింది వెల్మా. ఈ గొంతు మీద ఇక డబ్బు పెట్టలేనని చెప్పి, లైట్లు ఆర్పేశాడు.

తల్లీకూతుళ్లు స్టూడియో మెట్ల మీద కూర్చున్నారు. ఎదురుగా వీధిలో మనుషులు పోతున్నారు. వెల్మాకు ఏడుపు రాలేదు. చేతులు తనవి కానట్టు ఒళ్లో పడి ఉన్నాయి.

"ఆయన లేకపోతే హాయిగా పాడతావనుకున్నాను తల్లీ."

"లాండ్రీ ఆవిరి నన్నూ పట్టేసిందమ్మా. నీకు వినపడకుండా దగ్గుతున్నాను. తెలిస్తే బతకనివ్వవు కదా." ఎర్నెస్టీన్ గొంతులో కోపం లేదు.

"మరి ఆయన నాతో ఒక్క ముక్క చెప్పలేదే."

"హాల్‌స్టెడ్ ఎదురుగా ఎలా చెబుతాడు?"

ఎర్నెస్టీన్ ఆగి ఊపిరి కూడదీసుకుంది. 

"క్లబ్బుల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లే, నేను పాట చివర అంతసేపు నిలుపుతానని... అది ఆయన ఊపిరమ్మా."