ఏ ఒక్క మాట ఉన్నా

"సేప అని కొట్టు. నేను సెప్పినట్టే కొట్టు" అంది దేముడమ్మ మూడోసారి.

"చేప అని కొట్టాల అత్తా. సైటులో అలాగే రాస్తారు" అంది కోడలు శైలజ. లాప్‌టాప్ ఆమె ఒళ్లో ఉంది.

"మనం ఏటంటాం? సేపంటాం. మీ మావ సెయ్యి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాది సేపే."

గోడకు ఆనుకుని కూర్చున్న కొడుకు త్రినాథ్ విసుక్కున్నాడు. "ఎలాగో ఒకలాగ కొట్టనీయే అమ్మా. ఎనిమిది రోజులయ్యింది. ఏదో ఒకటి తేలాల."

ఎనిమిది రోజుల క్రితం శ్రీకూర్మం దిగువన సముద్రంలో దేముడమ్మ మొగుడు ఎల్లాజీ పడవ తిరగబడింది. నలుగురిలో ముగ్గురు ఈదుకొచ్చారు. ఎల్లాజీ రాలేదు.

శైలజ ఇంటి నుంచే వెబ్‌సైట్ల బాగోగులు చూసే పని చేస్తుంది. వాటిలో ఒకటి ఓ స్వచ్ఛంద సంస్థది. భీమిలి నుంచి ఒడిశా దాకా ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాల వయసు, బట్టలు, ఒంటిమీది గుర్తులు అందులో ఎక్కిస్తారు.

రోజూ పొద్దున్నే దేముడమ్మ గుర్తులు చెబుతుంది. శైలజ కొడుతుంది. రోజురోజుకీ గుర్తులు పెరుగుతున్నాయి. నిన్న నీలం గళ్ల లుంగీ. ఇవాళ మొలతాడుకి రాగిరేకు తాయెత్తు, గోరు లేని కుడికాలి బొటనవేలు.

"ఓలమ్మో! ఇన్ని గుర్తులు పెళ్లినాడు నీకే తెలీవు గదే" అంది కూతురు అమ్మడు.

"నువ్వు ఊరుకోయే."

శైలజ మీట నొక్కింది. ఫలితాలు లేవు.

"నేదా?" అంటూ దేముడమ్మ లేచింది. రోజూ ఆ మాట విన్నాకే పొయ్యి వెలిగిస్తుంది.

అంతలో సంస్థ నుంచి ఫోన్. నౌపడలో ఒకామె ఎన్ని మాటలు కొట్టినా ఏమీ రావడం లేదని ఏడ్చిందట. శైలజ సైటు లోపలికి వెళ్లి చూసింది. కొట్టిన మాటలన్నీ ఉంటేనే చూపించేలా ఉంది. ఒక్కటి తప్పినా ఖాళీయే. ఏ ఒక్క మాట ఉన్నా చూపించేలా మార్చింది.

"అత్తా, ఇప్పుడు ఒక్క మాట కలిసినా వస్తాది. సేప అన్నా పరవాలేదు."

దేముడమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"ఎవులు మార్సమన్నారే నిన్ను? ముందున్నట్టే పెట్టీ."

"ఎలా పెడతానత్తా? మనొక్కల కోసం కాదు కదా అది. నౌపడామె కూడా సూస్తంది."

దేముడమ్మ చేటలో బియ్యం వైపు చూస్తూ నిలబడింది.

శైలజ పొద్దుటి మాటలే మళ్లీ కొట్టింది. ఈసారి పదిహేడు వచ్చాయి. చాలావరకు లుంగీ ఒక్కటే కలిసినవి. ఒక్కొక్కటీ తెరుస్తూ వెళ్లింది. ఆరోదాని దగ్గర ఆగింది.

బారువ ఒడ్డు. యాభై దాటిన వయసు. లుంగీ మాట లేదు. తాయెత్తు మాట లేదు. ఎడమ చేతి మీద చేప పచ్చబొట్టు. కుడికాలి బొటనవేలికి గోరు లేదు.

శైలజ పైకే చదివింది. త్రినాథ్ ఫోన్ తీశాడు. ఎవరికి చెయ్యాలో తోచక మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. అమ్మడు తల్లి ముఖం చూడలేక వాకిలి వైపు తిరిగింది.

దేముడమ్మ చేట కింద పెట్టింది. వచ్చి కోడలి పక్కన కూర్చుని, లాప్‌టాప్ మూత తనే మెల్లగా వేసింది. ముగ్గురినీ ఒకసారి చూసింది.

"మాటలెక్కువైతే ఏటీ రాదని తెలిసే, దొరక్కూడదనే అన్ని సెప్పేను. ఇంక నడండి, శవాన్ని తెచ్చుకుందాం" అంది.