ఉత్త కొవ్వుగడ్డే

“క్యాన్సరా కాదా, అదొక్కటీ చెప్పమ్మా,” అన్నాడు తాత. మొన్నటిదాకా ఆయనా పిల్లల డాక్టరే. నాలుగు రోజుల మనవరాలి వీపు మీంచి తీసిన గడ్డ ముక్క ఇప్పుడు ల్యాబు డాక్టరమ్మ మైక్రోస్కోపు కింద ఉంది.

ఆమె తలెత్తలేదు. పద్దెనిమిదేళ్ల కిందట ఆమె ఇలాగే ఈయన ముందు చేతులు నలుపుకుంటూ నిలబడితే, ఆమె పసిబిడ్డ గడ్డను ఈయన వేలితో నొక్కి వదిలేశాడు. ‘ఉత్త కొవ్వుగడ్డే. ఇంటికెళ్లి హాయిగా నిద్రపో’ అన్నాడు. పరీక్షకైనా పంపలేదు. మూడు నెలలకు బిడ్డ పోయింది. ఆ మాట ఆయనకే అప్పజెప్పాలని ఆమె ఈ చదువు చదివింది.

“ఉత్త కొవ్వుగడ్డే. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోండి.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

“నువ్వు... ఆ బిడ్డ తల్లివి.”

ఈయనకు గుర్తే ఉండదని ఆమె ఇన్నేళ్లూ పళ్లు నూరింది.

“గుర్తుందన్నమాట!”

“ఆ బిడ్డ మర్చిపోనిస్తే కదా! నా మీద పగ పసిదాని మీద తీర్చుకోకు తల్లీ. నిజం చెప్పు.”

ఆమె మైక్రోస్కోపును ఆయన వైపు తిప్పింది.

“నిజమే చెప్పాను సార్. నేను చూసి చెప్పాను.”