ఎనభై చూపించే పెట్టె

“ఎనభై శాతం చూపిస్తోంది కదన్నా! మళ్ళీ ఆరిపోయిందేంటి?” సెలూన్ అతను ఏడుపు గొంతుతో అన్నాడు.

పక్క కొట్టు మెకానిక్ టోపీ కిందికి లాక్కుని, ఫుట్‌పాత్ మీద ఎండలో గొంతుక్కూర్చుని, సూట్‌కేసంత ఉన్న బ్యాటరీ పవర్ స్టేషన్‌ని గుర్రుగా చూస్తున్నాడు. లైన్ల పనంటూ ఊరంతటికీ కరెంటు తీసేశారు. సాయంత్రం దాకా రాదట. ఇలాంటి రోజుల కోసమే సెలూన్ అతను ఆ బ్యాటరీ పెట్టె కొనుక్కున్నాడు. పైగా మొన్న తలుపు సందులో పడి అతని బొటనవేలు నలిగింది. అంత కట్టుతో కత్తెర పట్టే యోగం లేదు, పనంతా ట్రిమ్మర్ మీదే. ఆ ట్రిమ్మర్ కాస్తా ఓ పెద్దమనిషి తల సగం అయ్యాక టక్కున ఆగింది.

“అది చూపించే ఎనభైని నమ్ముకున్నావా?” అన్నాడు మెకానిక్. “ఎప్పుడైనా పూర్తిగా ఖాళీ చేసి, మళ్ళీ నిండా ఎక్కించావా?”

“ఖాళీ అయితే పాడవుతుందేమోనని, కాస్త వాడగానే చార్జింగ్‌లో పెట్టేస్తానన్నా.”

“అందుకే దాని లెక్క తప్పింది. లోపల ఎంతుందో దానికే తెలీదు. నోటికొచ్చిన అంకె చెప్తోంది, మా బావమరిదిలా.”

“సరిచెయ్యలేవా మరి?”

“సున్నా దాకా దించి, మధ్యలో ఆపకుండా నూరు దాకా ఎక్కించాలి. రేపు తీరిగ్గా చేద్దాం. ఇవాళ కాసేపు నడిస్తే చాలు, ఆ సగం తల గట్టెక్కుతుంది.”

పెట్టెతో పాటు కొన్న సోలార్ ప్యానెల్‌ని ఎండకి ఎదురుగా తిప్పారు. పెట్టెలోకి వచ్చే కరెంటు అంకె సున్నా నుంచి కదల్లేదు. మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. ప్యానెల్ నిక్షేపంలా ఉంది, తీగ కూడా బాగానే ఉంది. అయినా ఎక్కట్లేదంటే ఏమనుకోవాలి! అతనికి చెమటలు కారిపోతున్నాయి.

“ఏమండీ!”

మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాళ్ళావిడ ఎదురుగా నిలబడింది.

“మనిషిలా తయారవ్వండి మహాప్రభో అని పొద్దుటినుంచీ మొత్తుకుంటున్నాను. ఇక్కడ పెట్టెతో కబుర్లా? వాళ్ళు బయల్దేరారట!”

అమ్మాయి ఇష్టపడ్డ అబ్బాయి, తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని మొదటిసారి ఇంటికి వస్తున్నాడు. కన్నతండ్రి ఇంట్లో లేకపోతే వాళ్ళేమనుకుంటారు?

“పిల్ల కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ‘నాన్నేడమ్మా’ అని ఇప్పటికి ఎన్నిసార్లు అడిగిందో! పదండి.”

“ఈ ఒక్కటీ అవ్వగానే వస్తానే. పాపం, మనిషి తల సగంలో ఉంది.”

“ఎవరి తలో సగంలో ఉంటే మీకెందుకండీ? కూతురి కన్నా ఎక్కువా?”

మెకానిక్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

“ఆయన చాలా మంచాయన వదినా,” అన్నాడు సెలూన్ అతను. “ఇంత జరిగినా నన్నొక్క మాట అన్లేదు.”

“పైకి అన్లేదంతే, లోపల తిట్టుకుంటున్నాడు,” అన్నాడు మెకానిక్. “ఇంటికెళ్ళడానికి మొహం చెల్లట్లేదు.”

“ఆహా, ఏం జాలండీ! ఆ జాలి నామీద ఎప్పుడైనా చూపించారా?”

“నువ్వు నడు, వెనకే వస్తాను.”

“మీ ‘వెనకే’ నాకు తెలీదా? మీరు లేచేదాకా నేనూ కదలను.” ఆవిడ కొట్టు బయట బల్లమీద బైఠాయించింది.

ఇక లాభం లేదని మెకానిక్ పెట్టె ఆపి, తీగ పీకి, చార్జింగ్ రంధ్రంలోకి టార్చి వేశాడు. లోపల నల్లగా ఏదో కనిపించింది. పుల్లతో మెల్లగా లాగితే వెంట్రుకల ఉండ ఊడొచ్చింది. వెనకే ఇంకోటి, కాస్త నెరిసింది.

“ఓరి నీ ఇల్లు బంగారంగానూ! దీన్ని ఎక్కడ పెడతావురా?”

“కుర్చీ పక్కనే, కింద.” సెలూన్ అతను నాలిక్కరుచుకున్నాడు. “ఊడ్చినప్పుడల్లా అటే తోస్తుంటాను. వీధి వీధంతా ఇందులోనే ఉందన్నా!”

“పిన్ను లోపలికి కూర్చుంటేగా చార్జింగ్ ఎక్కేది! నువ్వు పెట్టాననుకుంటున్నావు, అది ఎనభై అంటోంది. ఇద్దరికిద్దరూ సరిపోయారు.”

బల్లమీద ఆవిడ కోపం మర్చిపోయి పకపకా నవ్వింది. సెలూన్ అతను మెడ దులిపే బ్రష్ తెచ్చాడు. మెకానిక్ ఆ రంధ్రాన్ని శుభ్రంగా దులిపి తీగ గుచ్చితే ఈసారి టక్కుమని కూర్చుంది. అంకె సున్నా నుంచి లేచింది. కాసేపు ఎండ తాగనిచ్చి మీట నొక్కితే, ట్రిమ్మర్ జుయ్యిమంది. అబ్బ, ఆ చప్పుడు మెకానిక్ చెవులకి ఎంత కమ్మగా వినిపించిందో! గబగబా పెట్టెనీ తీగనీ గుమ్మం లోపలికి లాగాడు.

వాళ్ళావిడ కూడా వెనకే వచ్చి లోపలికి తొంగిచూసింది. కుర్చీ ఖాళీగా ఉంది.

“ఏడయ్యా ఆ పెద్దమనిషి? త్వరగా పిలువు తమ్ముడూ. ఆయన తల పూర్తయితే గానీ మా ఆయన ఇంటికొచ్చేలా లేరు.”

సెలూన్ అతను తెల్లగుడ్డ దులిపి, నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు.

మెకానిక్ వెళ్ళి కుర్చీలో కూర్చుని టోపీ తీశాడు.