కదలని చుక్క

నీలం చుక్క మళ్లీ ఆ సందులోనే ఆగింది.

పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే ఆమె, కౌంటర్ కింద ఫోన్ పెట్టుకుని మ్యాపును రెండు వేళ్లతో సాగదీసింది. ఎంత సాగదీసినా అదే సందు, అదే ఇల్లు. చుక్క అంటే ఆమె భర్త. లిఫ్టులు బాగుచేస్తాడు. నిన్నా ఇదే వేళకి అక్కడే, మొన్నా అక్కడే. అడిగితే, అక్కడ లిఫ్టు సామాన్ల గోడౌన్ ఉందంటాడు.

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"అమ్మా, నా నంబరు ఎప్పుడొస్తుంది?" దవడ పట్టుకున్న పెద్దాయన అడిగాడు.

"వస్తుంది లెండి. నొప్పి మీ ఒక్కరికేనా?" అనేసి నాలుక కరుచుకుంది. లోపలికెళ్లి డాక్టరుతో తలనొప్పని చెప్పి బయటపడింది.

బస్సులో ఉన్నంతసేపూ కళ్లు ఫోన్ మీదే. చుక్క కదిలితే ఒట్టు. ఇంట్లో అయితే భోజనం చేసినంతసేపైనా కుదురుగా కూర్చోడే! అంత హాయిగా కూర్చోబెట్టుకుంటున్నది ఎవత్తె?

సందు మలుపు తిరగగానే ఒళ్లు మండిపోయింది. గోడౌన్ లేదు, గాడిదగుడ్డూ లేదు. అన్నీ పాతకాలపు చిన్న ఇళ్లు. లిఫ్టు పెట్టుకునే మొహం ఒక్కదానికీ లేదు.

చుక్క ఉన్న ఇంటి డాబా మీద ఒక అమ్మాయి తల ఆరబెట్టుకుంటోంది. నడుము దాటిన జుట్టు. ఈమె చెయ్యి తనకి తెలియకుండానే తన పలచటి జడ మీదికి పోయింది.

"ఏయ్, ఆయన్ని బయటికి పంపు!"

"ఎవర్నండీ?" ఆ అమ్మాయి పిట్టగోడ మీదుగా తొంగిచూసింది.

"ఎవర్నో నీకు తెలీదూ?"

"ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరండీ. ఓ, తాతగారి దగ్గరికొచ్చారా! కింద గది. తలుపు తీసే ఉంటుంది, వెళ్లండి."

కింద గదిలో గోడనిండా గడియారాలు. ఒక్కొక్కటీ ఒక్కో టైము చూపిస్తోంది. వాటి కింద కూర్చున్న ముసలాయన, కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి చూశాడు.

"లిఫ్టులు బాగుచేసే ఆయన కోసం వచ్చాను" అంది బిగదీసుకుని.

"ఇంకా రాలేదమ్మా."

"రాకపోవడమేంటి? ఇక్కడే ఉన్నట్టు ఇందులో చూపిస్తుంటే!"

ముసలాయన నవ్వుతూ సొరుగు లాగాడు. లోపల మెత్తటి గుడ్డ, దానిమీద వరసగా ఫోన్లు. మధ్యలో, అద్దం మూల పగిలిన ఆమె భర్త ఫోన్.

ఆమె సొరుగు మీదికి వంగి చూసింది.

"ఫోన్లొచ్చాక గడియారాలు ఎవరిక్కావాలమ్మా? ఖాళీగా కూర్చుంటే ఒకాయనొచ్చాడు. తాతా, కాసేపు దీన్ని ఉంచు, ఇంట్లోవాళ్లకి నేనిక్కడే ఉన్నట్టు కనపడతాను అన్నాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. పెట్టేసి పోతారు, మళ్లీ వచ్చి పట్టుకుపోతారు."

"ఎక్కడికి పోతారు?"

"నేనెవర్నీ ఏమీ అడగను. నువ్వెవరని నిన్ను మాత్రం అడిగానా?"

ఆమె బయటికొచ్చి మెట్టుమీద కూలబడింది.

కాసేపటికి సందు చివర భర్త కనిపించాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని ఈల వేసుకుంటూ వస్తున్నాడు. ఆ ఈల ఆమె ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఆమెని చూడగానే అది సగంలో తెగిపోయింది.

"నువ్వా! ఇక్కడికెలా..."

"మీ గోడౌన్ చూసిపోదామని. ఎవరది?"

"ఎవరు?"

"ఫోన్ ఇక్కడ పడేసి ఎవత్తె దగ్గరికి పోయొస్తున్నారు?"

ఆయన వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఎవరూ లేరే. టీకి ఆగితే ఎందుకాగారంటావు. దారి మారితే ఎందుకు మారారంటావు. మెడలో గంట కట్టిన మేకలా ఉంది నా బతుకు. అందుకే ఫోన్ ఇక్కడ పెట్టి, కాలవగట్టు మీద వంతెన దాకా నడిచొస్తాను. కాసేపు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా. అంతే."

"ఒక్కరేనా?"

"ఒక్కడినే. నీమీద ఒట్టు."

ఆమె ఆయన చెప్పుల వైపు చూసింది. నిజమే, గట్టు మట్టి అంటుకుని ఉంది.

"అంత ఊపిరాడకుండా చేశానా నేను?"

ఆమె తన ఫోన్ తీసి, ఆ మ్యాపు యాప్ మీద వేలు అదిమిపట్టి, ఆయన చూస్తుండగానే తీసిపారేసింది.

"ఇక చూడను. ఎక్కడున్నారని అడగను. చాలా?"

ఆయన ఆమె చెయ్యి అందుకున్నాడు. వీధిలో చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో! ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. డాబా మీది అమ్మాయి మీద ఊరికే అరిచినందుకు సిగ్గేసింది. చూడబోతే ఆ జుట్టు కూడా మరీ అంత పొడుగేం కాదు.

వెనక తలుపు కిర్రుమంది. ముసలాయన ఫోన్ని చొక్కా అంచుతో తుడుస్తూ గడప దాకా వచ్చాడు.

"గది మూసేస్తున్నా బాబూ, ఇదిగో నీది. నీతోపాటు వచ్చి పెట్టి వెళ్లిందే, మీ ఆవిడ ఫోన్... అది కూడా నీకే ఇచ్చెయ్యనా, తనే వచ్చి పట్టుకెళ్తుందా?"