గాటు పడ్డ నాణెం

"తెలుగేనా బాబూ?"

పక్క కుర్చీలోని పెద్దాయన అడిగాడు.

"అవునంకుల్," అన్నాడు వంశీధర్. చూపు లోపలి తలుపు మీదే ఉంది.

కెనడాలోని హామిల్టన్‌లో పాత నాణేల దుకాణం అది. 2023 నవంబరు. ఉద్యోగం ఒకటి. వచ్చినవాళ్ళు నలభై రెండు మంది, దాదాపు అందరూ స్టూడెంట్లే. ఆ ఏడు ఊళ్ళో ఏ ఉద్యోగానికైనా ఇదే వరస.

లోపల బల్ల మీద ఐదు రోమన్ వెండి నాణేలున్నాయి. ఒకటి నకిలీ. ముందుగా పట్టినవాళ్ళకే ఉద్యోగం. మనిషికి ఒక్కటే అవకాశం. ఏది చూపించారో బయట చెప్పకూడదు. నాణేల ఫోటోలు మాత్రం బయటి గది గోడకు అంటించారు.

ముప్పైతొమ్మిదో కుర్రాడు తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఎదుటి కుర్చీలోని అమ్మాయి లోపలికి వెళ్ళింది.

"మీ అమ్మాయా అంకుల్?"

పెద్దాయన నవ్వాడు. "నీదెన్నో నంబరు?"

"లాస్ట్. నలభై రెండు. ఎనిమిది నెలల్నుంచి అప్లై చేస్తూనే ఉన్నా. ఇదీ రాకపోతే నెలాఖరుకి ఫ్లైటెక్కడమే."

పెద్దాయన చేతిలోని కాగితాన్ని మడిచాడు. తర్వాత గోడ వైపు చూపించాడు.

ఐదింటి మీదా ఒకటే బొమ్మ. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. మూడోదాని మీద చక్రవర్తి చెంపకు అడ్డంగా ఉలి గాటు.

"చూడగానే గాటుదే నకిలీ అనిపిస్తుంది. కాదు బాబూ. వర్తకంలో మనవైపు వచ్చిన రోమన్ నాణేలకు, లోపలా వెండేనా అని అలా గాటు పెట్టి చూసేవాళ్ళు. ఐదోదాని అంచు చూడు, ఎర్రగా లేదూ? లోపల రాగి."

"మీకెలా తెలుసు?"

"మ్యూజియంలో అటెండర్ని. ముప్పై ఏళ్ళు వాటి అద్దాలు తుడిచా."

అమ్మాయి బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది.

"పోన్లేమ్మా," అన్నాడు పెద్దాయన. లేచి ఆమెకు తలుపు తీసి పట్టుకుని, తనూ వెనకే వెళ్ళాడు.

సొంత కూతురికీ ఇదే చెప్పి పంపుంటాడు, అనుకున్నాడు వంశీధర్. అద్దాలు తుడిచినాయన మాట వింటే అంతే.

"నంబర్ ఫార్టీ వన్!"

ఎవరూ రాలేదు.

"ఫార్టీ వన్!"

ఒకడు తగ్గాడు. వంశీధర్ లేచి నిలబడ్డాడు.

"ఫార్టీ టూ!"

లోపల ఐదో నాణెం చేతికి తీసుకున్నాడు. అంచు ఎర్రగానే ఉన్నట్టుంది. కింద పెట్టాడు.

గాటున్నదాన్ని చూపించాడు.

యజమాని నాణేలు డబ్బాలో సర్దాడు. "సారీ. అందరూ ఇదే చూపించారు. నకిలీది ఐదోది."

వంశీధర్ బయటి గదిలోకి పరిగెత్తాడు.

గది ఖాళీ. ఆ అమ్మాయి ఒక్కతే కోటు కోసం వెనక్కి వచ్చింది.

"మీ నాన్నగారేరీ?"

"మా నాన్నగారా? ఆయన విజయవాడలో ఉంటారు."

వంశీధర్ పక్కకు చూశాడు.

పెద్దాయన కూర్చున్న కుర్చీలో, నాలుగు మడతలు పెట్టిన నంబరు చీటీ ఉంది: నలభై ఒకటి.