పది సెకన్లు

తెర మీద నీలం గీత డెబ్భై రెండు శాతం దగ్గర ఉండగా కంప్యూటర్ ఆరిపోయింది.

ఫ్యాను కూడా ఆగింది.

తలుపు దగ్గర అత్త నిలబడి ఉంది. ఒక చేతిలో షాపు తాళంచెవి. రెండో చెయ్యి ఇంకా మెయిన్ స్విచ్ మీదే ఉంది.

ఆ స్విచ్ మీద పొద్దున నేనే ఎర్ర సిరాతో చీటీ రాసి అంటించాను, 'ఆపొద్దు' అని.

అత్త ఆ స్విచ్ వైపు చూసి పద్నాలుగేళ్లయింది. అప్పట్లో ఓసారి జిగురు కాచే స్టవ్ ఆపడం మరిచిపోయి భోజనానికి వెళ్తే, సగం షాపు తగలబడింది. ఆ రోజు నుంచి భోజనానికి లేచిందంటే చెయ్యి దానంతటదే వెళ్లి మెయిన్ ఆపేస్తుంది.

"ఏమైందే?"

"పని సగంలో ఉంది అత్తా."

అత్త చీటీ చదివింది. తర్వాత తన చెయ్యి వైపు చూసుకుంది, అదెవరిదో అన్నట్టు.

మా మేనత్త అందరికీ బూట్లు చెయ్యదు. ఒక కాలు పొట్టైనవాళ్లకీ, పాదం వంకర తిరిగినవాళ్లకీ, షుగర్‌తో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లకీ చేస్తుంది. నా ఎడమ కాలు కుడికాలి కంటే అంగుళమున్నర తక్కువ. ఆరేళ్లప్పటి నుంచీ నేను అత్త చేసిన బూట్లతోనే నడుస్తున్నాను. ఇప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకుంటున్నాను.

నాలుగువందల పన్నెండు మంది పాదాల కొలతలు ఆ కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

పాదాన్ని కొలిచే స్కానర్ పాత విండోస్ ఉంటే తప్ప కదలదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నేను పట్టుబట్టి తెప్పించిన సోల్ చెక్కే మెషీనుకేమో లినక్స్ అనే వేరే సిస్టమ్ కావాలి. గదిలో ఇంకో టేబుల్‌కి చోటు లేదు. అందుకని ఒక్క కంప్యూటర్‌లోనే రెండూ పెడతానన్నాను. ఆన్ చేయగానే అదే అడుగుతుంది, ఏది కావాలని. దానికి ముందు విండోస్‌ని జరిపి డిస్కులో లినక్స్‌కి చోటు చెయ్యాలి; సగంలో ఆగింది ఆ పనే.

అత్త నెల రోజులు నాన్చి ఒప్పుకుంది. ఒప్పుకుంటూ ఒక్క మాట అంది.

"ఒక్క పాదం పోయినా సరే, రేపట్నించి నువ్వు ఆ బెంచీ మీద కూర్చునే మనిషివే. ఇటువైపు రావద్దు."

బెంచీ బూట్లు చేయించుకోడానికి వచ్చేవాళ్లది.

స్విచ్ మళ్లీ వేశాను. నల్ల తెర మీద ఒకే ఒక్క తెల్ల వాక్యం. ఇందులో ఏ సిస్టమూ లేదంటోంది.

"పోయాయా?" అంది అత్త. ఆ గొంతు అంత చిన్నదవడం నేనెప్పుడూ వినలేదు.

"కూర్చో అత్తా."

నేను కంగారు పడలేదు. గొప్పలకి చెప్పడం లేదు. నిన్న సాయంత్రమే డిస్కు మొత్తానికి నకలు తీసి పెట్టుకున్నాను. అది కూడా రెండుసార్లు. చీటీ రాసినంత మాత్రాన అత్త చెయ్యి వింటుందని నేననుకోలేదు.

ఒకటి నా సంచిలో ఉంది. రెండోది అలమరలో వరసగా పేర్చిన, బూట్లకి అచ్చులుగా వాడే కర్ర పాదాల వెనక ఉంది.

"నా కర్ర పాదాల వెనకా?"

"నువ్వు రోజూ దుమ్ము దులిపే చోటు అదొక్కటే కదా."

పాతది మొత్తం తిరిగి ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. భోజనానికి వెళ్లమంటే అత్త వినలేదు.

"అయితే నా మీద నమ్మకం లేకనే రెండు తీశావన్నమాట."

"నీ మీద ఉంది. నీ చేతి మీదే లేదు."

అత్త నవ్వాలా వద్దా అని ఆలోచించి, నవ్వేసింది.

విండోస్ తెరుచుకుంది. అత్త మౌస్ లాక్కుంది. ముందు ఎవరి పాదం వెతుకుతుందో అనుకున్నాను. ఒక్కో అక్షరం ఏరుకుంటూ 'మేనకోడలు' అని కొట్టింది.

పదకొండు స్కాన్లు ఉన్నాయి. మొదటిది తెరిచింది. చిన్న ఎడమ పాదం, అయిదు వేళ్లూ లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

"గాజు చల్లగా ఉందని ఒకటే గోల పెట్టావు" అంది.

అత్త మౌస్ నా వైపు జరిపింది.

"సరే, మళ్లీ మొదలుపెట్టు."

ఈసారి అత్త నా పక్కనే కూర్చుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

డెబ్భై రెండు దాటింది. తొంభై దాటింది. అత్త ఊపిరి పీల్చుకోవడం నూరు దగ్గర వినిపించింది. ఆ తర్వాత లినక్స్ ఎక్కించడం నాకు నీళ్లు తాగినంత పని.

సాయంత్రం అయిదున్నరకి కంప్యూటర్ ఆన్ చేసి చూపించాను. నల్ల తెర మీద రెండు వరుసలు.

"పైది ఏది?"

"విండోస్, నీది. పది సెకన్లలోపు ఏమీ నొక్కకపోతే అదే తెరుచుకుంటుంది. నాది కావాలంటే నేను బాణం మీట నొక్కుకుంటాలే."

అత్త పెదవులు కదుపుతూ సెకన్లు లెక్కపెట్టింది. పదికి పాతది తెరుచుకుంది.

"మార్చు" అంది.

"ఏంటి?"

"నీది పైన పెట్టు. బాణం నేను నొక్కుకుంటాను."

"మర్చిపోతావు అత్తా. అలవాటు లేదు."

"అలవాటు ఎలా అవుతుందో నాకు చెప్పకు."

మార్చాను. మూడు నిమిషాల పని.

తల ఎత్తేసరికి అత్త చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర ఉంది. వెనక్కి వచ్చి, తాళంచెవి కీబోర్డు పక్కన పెట్టింది.

"వెళ్లేటప్పుడు మెయిన్ నువ్వే ఆపు" అంది.

ఆ స్విచ్ పక్క నుంచే, రెండు చేతులూ కట్టుకుని వెళ్లిపోయింది.